నలభై ఒకటో తప్పు

అక్టోబర్ 3, 2018, బుధవారం

ఇది ప్రణవి స్కూలు పుస్తకం, వెనక సగం ఖాళీగా ఉంది. ఎనిమిదేళ్ళ కూతురి పుస్తకంలో రాసుకోవాల్సిన ఖర్మ నాకెందుకు పట్టిందంటే, ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు కాబట్టి. నేను నోరు తెరిస్తే మా ఆయన హరి లేచి కారిడార్‌లోకి వెళ్ళిపోతాడు. తొమ్మిదో అంతస్తు మీంచి యూ టీ మెట్రో స్టేషన్‌కి వచ్చే పోయే ట్రైన్లు చూస్తూ నిలబడతాడు. పన్నెండేళ్ళుగా బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసే మనిషికి ట్రైన్ల మీద ఇంత ప్రేమ ఉందని నాకిప్పుడే తెలిసింది.

వాళ్ళమ్మ వెళ్ళిపోయి తొమ్మిది రోజులైంది. రెండు నెలలుంటానని వచ్చిన మనిషి, ఇంకా ఐదు వారాలుండగానే టికెట్ మార్పించుకుని ప్రొద్దుటూరు వెళ్ళిపోయింది. దసరా జాకెట్లు కుట్టాలట. ముప్పై ఏళ్ళుగా టైలరింగ్ షాపు నడుపుతున్న మనిషికి దసరా ఎప్పుడొస్తుందో ఆగస్టులో విమానం ఎక్కేటప్పుడు తెలీదా?

"అమ్మని ఏమన్నావ్?" అని హరి రోజూ అడుగుతున్నాడు. ఆవిడని అడిగితే ఏమీ లేదంటుందట. అందుకని నన్ను చెప్పమంటాడు. ఏమన్నాను? మా ఆఫీసులో ఆవిడతో చేయించిన రికార్డింగ్‌లో చివరి రోజు "అత్తమ్మా, ఇంకోసారి చేద్దాం" అన్నాను. అక్కడ అందరూ అందరితో అనే మాటే అది. దానికి మనిషి సముద్రం దాటి వెళ్ళిపోతుందా?

ఫోన్ చేస్తే హరితో మాట్లాడుతుంది. ప్రణవితో అరగంట మాట్లాడుతుంది. నేను ఫోన్ అందుకునేసరికి షాపులోకి ఎవరో వచ్చారంటుంది. ఆదివారం మధ్యాహ్నం, షాపు మూసి ఉన్నప్పుడు కూడా వచ్చారు.

అక్టోబర్ 4, గురువారం

ఇంట్లో ఆవిడ లేదు. ఆఫీసులో ఉంది. పొద్దున పదింటికి హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలు, ఎదురుగా ప్రత్యక్షం.

మా కంపెనీ తయారుచేస్తున్న ఈ వీడియో ఆటలో నేను పైలట్‌ని. నా నౌక ఒక మంచు చంద్రుడి మీద కూలిపోయి ఉంటుంది. దాన్ని బాగుచేసి నన్ను ఇంటికి పంపించే ముసలి మెకానిక్ పేరు మెర్లా. ముఖం రేకు, మోకాళ్ళు స్ప్రింగులు, గొంతు ఎవరో ఇంగ్లీషావిడది. నడక మాత్రం మా అత్తగారు చెన్నమ్మగారిది. కుడి మోకాలి నొప్పికి ఎడంవైపు ఒరిగి, ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, మళ్ళీ కదిలే నడక. ఆ చంద్రుడి మీద బరువులన్నీ ఆరో వంతుకి తగ్గిపోతాయట. ఆవిడ మోకాలు మాత్రం అక్కడా తగ్గలేదు.

తప్పు నాదే. మెర్లా కదలికలు చేసివ్వాల్సిన నాటకాలాయనకి నడుం పట్టేసింది. "పెద్ద వయసు మనిషి ఎవరైనా కావాలి, రేపటికల్లా" అని వరుణ్ తల పట్టుకు కూచుంటే, "మా అత్తగారు ఖాళీగానే ఉన్నారు" అన్నది నేనే. వరుణ్ మా టీమ్ లీడ్. హైదరాబాద్ వాడు, సెరంగూన్‌లో ఖరీదైన కాండో ఫ్లాట్, నాకన్నా ఆరేళ్ళు చిన్న. నేను పగలంతా ఆట ఆడి తప్పులు పట్టి రాస్తే, వాటిని చదివే ఉద్యోగం అతనిది.

మనిషి ఎలా కదిలితే బొమ్మ అలా కదిలేలా ఒళ్ళంతా సెన్సర్లు కుట్టిన నల్లసూటూ, వేళ్ళకి సెన్సర్ల గ్లవ్సూ చూసి ఆవిడ సిగ్గుపడుతుందనుకున్నాను. తొడుక్కుని, చంక దగ్గర కుట్టు వదులుగా ఉందని చెప్పి, తన సంచిలోంచి సూదీ దారం తీసి బిగించింది. నాలుగు రోజులు పనిచేసింది. ఆ నాలుగు రోజులూ ఆఫీసంతా ఆంటీ ఆంటీ అని ఆవిడ వెనకే. నేను అక్కడ నాలుగేళ్ళుగా చేస్తున్నాను. టీ తాగావా అని నన్నడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అక్టోబర్ 6, శనివారం

ఇవాళా ఫోన్ దగ్గరికి రాలేదు. సరే.

అక్టోబర్ 8, సోమవారం

అమెరికాలో మా ఆటని అమ్మబోయే కంపెనీ వాళ్ళు ఆడి చూసి తప్పుల జాబితా పంపారు. నలభై ఒకటి. అందులో పదిహేడు మా అత్తగారివే. చదువుతుంటే నాకెంత హాయిగా ఉందో రాయకుండా ఉండలేను.

"నట్టు బిగించే ముందు మెర్లా ప్రతి వస్తువు మీదా చెయ్యి చాపి పాకిస్తోంది. కారణం తెలియడం లేదు." జానతో కొలుస్తోంది నాయనా. టేపు మెళ్ళో వేలాడుతున్నా జానతోనే కొలుస్తుంది. "లెక్కపెట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ మీద తిరుగుతోంది. గ్లవ్ పాడైందేమో చూడండి." కణుపులు లెక్కపెడుతోంది. "నీళ్ళ సీసా నోటికి తగలడం లేదు." ఎత్తి పోసుకుంటోంది. "కాలు తగిలిన పనిముట్టుని ముట్టుకుని తన కళ్ళు పరీక్షించుకుంటోంది."

ఆఖరిది ఎర్ర రంగులో ఉంది. నలభై ఒకటి: "చివరి సీన్‌లో ఆటగాడు నౌక ఎక్కబోతుండగా మెర్లా రెండు చేతులూ చాచి అతని ముఖం మీదకి దూసుకొస్తోంది. ముఖంలోంచి దూరి అవతలికి పోతోంది. ఆ తర్వాత తన తల తనే గుద్దుకుంటోంది. ముగ్గురు భయపడి హెడ్‌సెట్ తీసేశారు."

అది దిష్టి తీయడం. తల చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకి ఆనించుకుని మెటికలు విరుస్తుంది. ఇక్కడున్నన్నాళ్ళూ ప్రణవికి రోజూ తీసింది. నలభై ఏళ్ళ కొడుక్కి కూడా, ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే చాలు, చెప్పులు విప్పకముందే తీసేది. నాకు పెళ్ళయి పదకొండేళ్ళు. ఒక్కసారి తీయలేదు. ఊరూ పేరూ లేని పైలట్‌కి మాత్రం తీసింది. ఆ సీన్‌లో పైలట్ ఎత్తు కోసం హెడ్‌సెట్ పెట్టుకుని ఎదురుగా నిలబడింది నేనే. అంటే నాక్కాదు, పైలట్‌కి.

ఇరవై ఆరో తేదీ శుక్రవారం అన్నీ సరిచేసి పంపాలి. పదిహేడూ పీకేయమన్నాడు వరుణ్. ఆఖరి సీన్ మొత్తం చెరిపేసి కొత్తది పెట్టాలట.

"సుస్మితా, మీ అత్తమ్మ హైట్, నీ హైట్ సేమ్ ఉంటది. నువ్వే సూట్ వేసుకుని టాటా చెప్పెయ్. ఫైవ్ మినిట్స్ పని," అన్నాడు.

సంతోషంగా ఒప్పుకున్నాను. చాలా సంతోషంగా.

అక్టోబర్ 10, బుధవారం

మళ్ళీ అదే గొడవ. అన్నం ముందు కూచుని "నువ్వు చెప్పవా, వరుణ్‌ని అడగనా?" అన్నాడు హరి. అడుక్కోమన్నాను. అడగడు, నాకు తెలుసు. అడిగితే వినాల్సొస్తుంది.

కొంచెం గట్టిగా అని ఉంటాను. నేను మనిషిని కానా? పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండున్నరదాకా ఆ బరువు తలకి కట్టుకుని నిలబడితే ఎవరికైనా విసుగొస్తుంది. "ఇవన్నీ ఇక్కడొద్దు అత్తమ్మా" అన్నాను. అదీ ఆవిడ చేతులు తిప్పడం, మెటికలు విరవడం అంతా అయ్యాకనే అన్నాను. పని పూర్తి కానిచ్చి అన్నాను. అది గుర్తుంచుకోవాలి.

అయినా పరువు పోయే పనులు ఒకటా రెండా? వచ్చిన వారానికే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో ఎవరో చోటు పట్టుకోవడానికి, ఇక్కడి మాటలో చోప్ చేసుకోవడానికి, టేబుల్ మీద పెట్టుకున్న టిష్యూ ప్యాకెట్ తీసి, చేతులు తుడుచుకుని, ప్రణవి మూతి తుడిచి, మిగిలినవి సంచిలో వేసుకుంది. ఆ టేబుల్ వాళ్ళు పళ్ళాలు పట్టుకుని వచ్చి నిలబడితే కూచోమని ఆవిడే వాళ్ళకి చోటు చూపించింది. వాళ్ళు నవ్వుతూ కూచున్నారు. నేను నేల చూపులు చూస్తూ తిన్నాను.

పడుకోబోతూ ప్రణవి తన బొమ్మకి దిష్టి తీస్తోంది. "జేజి డిడ్ దిస్ ఎవ్రీడే ఫర్ మీ. ఫర్ యూ నెవర్ ఆహ్?" అంది.

నెవర్ అన్నాను.

"యూ మస్ట్ స్టాండ్ స్టిల్ లాహ్, అమ్మా. యూ ఆల్వేస్ వాకింగ్," అంది. దీన్ని ఇక్కడ చదివిస్తున్నందుకు నాకు దక్కిన ఫలం.

అక్టోబర్ 12, శుక్రవారం

జాన పోయింది. ఇప్పుడు మెర్లా పనిముట్ల పెట్టె తెరుస్తుంది, ఒక రెంచి తీస్తుంది, అది సరిగ్గా సరిపోతుంది. ఇరవైసార్లు ఆడాను, ఇరవైసార్లూ సరిపోయింది. అన్ని రెంచీల్లో అదే సరిపోతుందని దానికెలా తెలుసు? కొలవకుండా ఎవరైనా బిగిస్తారా? ఆ మాటే వరుణ్‌తో అంటే, "నువ్వే కదా పీకెయ్యమన్నావ్," అన్నాడు. నేను పీకెయ్యమనలేదు. ఒప్పుకున్నాను. రెండూ ఒకటి కాదు.

నీళ్ళ సీసా కూడా నోటికి కరిపించేశారు.

అక్టోబర్ 15, సోమవారం

కణుపుల లెక్క పోయింది. ఇంజన్ అంటుకునే ముందు మెర్లా ఇదివరకు కణుపు మీద కణుపు లెక్కపెడుతూ కూచునేది. దాంతోపాటు నేనూ లెక్కపెట్టేదాన్ని. పన్నెండో కణుపు దగ్గర ఇంజన్ అంటుకునేది. ఇప్పుడు గుమాస్తాలాగా చేతులు కట్టుకుని నిలబడుతోంది, గాల్లో అంకెలు వాటంతటవే వస్తున్నాయి.

ఈ బొమ్మల కదలికలన్నీ సరిచేసే అమ్మాయి హుయ్ మిన్. పీకేది కూడా ఆమే. "నౌ సో బోరింగ్ లాహ్," అని మూతి ముడుచుకుంది. ఎవరికి బోరింగ్ అయితే నాకేంటి. నా పని తప్పు పోయిందా లేదా చూసి సంతకం పెట్టడం. పెట్టాను.

అక్టోబర్ 18, గురువారం

పదహారు మూసేశాను. ఒకటి మిగిలింది.

దసరాకి కుట్టిన జాకెట్ల ఫొటోలు ప్రణవికి పంపింది. అరవై నాలుగు. నిజంగానే కుడుతోంది. అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు.

అక్టోబర్ 22, సోమవారం

సూటు తొడుక్కున్నాను. చంక దగ్గర ఆవిడ వేసిన కుట్టు అలాగే ఉంది. నల్లసూటుకి ఎర్ర దారం. సంచిలో అదే ఉంది కాబోలు.

ఎదురుగా ఎవరూ లేరు. గోడకి టాటా చెప్పాలి. మొదటిసారి చెప్తే బస్సు ఆపుతున్నట్టుందన్నాడు వరుణ్. రెండోసారి ఈగలు తోలుతున్నట్టుందన్నాడు. మూడోసారి అతనేమీ అనకముందే నాకే ఏడుపొచ్చింది, కోపంతో. ముప్పై ఏడేళ్ళ మనిషిని, ఒకరిని పంపించేటప్పుడు చెయ్యి ఎలా ఊపాలో నాకు తెలీదా? మొన్న ఎయిర్‌పోర్టులో ఆవిడకి ఊపలేదు. నేను పార్కింగ్ టికెట్ పనిమీద వెళ్ళాను. అప్పుడే లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగో టాటా పనికొస్తుందన్నాడు.

అక్టోబర్ 23, మంగళవారం

అన్నీ వరసగా రాస్తాను. రాయకపోతే రేపు ఇంకోలా చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలిసిపోయింది.

పాత సీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించు, అక్కడికి కత్తిరిస్తాను అంది హుయ్ మిన్. ఆమెకి ఆ చేతుల అర్థం తెలీదు కదా. ఆరోజు రికార్డింగ్ తీసి తెరమీద పెట్టింది. పైనుంచి చూస్తున్నట్టు నేల కనిపిస్తుంది. సూటులో ఉన్న మా అత్తగారు నీలం గీతల మనిషి. హెడ్‌సెట్‌లో ఉన్న నేను ఒక పచ్చ చుక్క. నేల మీద పైలట్ నిలబడాల్సిన చోట తెల్ల గుర్తు. మొదట్లో పచ్చ చుక్క ఆ గుర్తు మీదే ఉంది.

ధ్వని కూడా ఉంటుందని నాకు తెలీదు. గదిలో మైకు దాని పని అది చేసుకుంటూనే ఉందట.

వరుణ్ గొంతు వినిపించింది. "ఆంటీ, ఈ అమ్మాయి ఎళ్ళిపోతాంది. మళ్ళ రాదు. మీకేం చెయ్యబుద్ధయితే అది చెయ్యండి." నీలం మనిషి చేతులు పైకి లేచాయి. ఎవరో కిసుక్కుమన్నారు, వరుణే. ఇంకో ఇద్దరు నవ్వారు. పచ్చ చుక్క వెనక్కి జరిగింది. తర్వాత నా గొంతు.

"ఛీ, దగ్గరికి రాకండి. మీ పల్లెటూరి వేషాలు మీ ఊళ్ళో వేసుకోండి. అందరూ నవ్వుతున్నారు. నా పరువు తీయకండి."

ఇవీ నా మాటలు. ఇంకోసారి చేద్దాం అనలేదు. ఇవన్నీ ఇక్కడొద్దు అనలేదు. నెల రోజులుగా హరికి చెప్పింది అబద్ధం, ఈ పుస్తకంలో రాసుకున్నది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసే మనిషిని నేను.

అన్నీ అయిపోయాక అన్నాననుకున్నాను. కాదు. ఆవిడ చేతులు ఇంకా గాల్లో ఉండగానే అన్నాను. నీలం మనిషి అలాగే చేతులు ఎత్తి నిలబడిపోయింది. కింద సెకన్లు తిరుగుతున్నాయి కాబట్టి ఎంతసేపో తెలిసింది, నాలుగు సెకన్లు. తర్వాత ఆ నొప్పి కాలు తీసి ఒకడుగు ముందుకి వేసింది. తెల్ల గుర్తు దాటి వచ్చింది. చేతులు పచ్చ చుక్కకి అటూ ఇటూ దిగాయి, వెనక్కి వెళ్ళాయి. మెటికలు టపటపా విరిగాయి. పదివేళ్ళవీ. గ్లవ్సులోంచి కూడా వినిపించింది.

ఆ తర్వాత బాగా చిన్నగా, ఎవరితోనూ కాకుండా, "పొద్దన్నుంచి ఏం తిన్లేదు ఈ పిల్ల," అంది.

పైలట్‌కి తీసిందనుకున్నాను. ఏ పైలట్ పొద్దన్నుంచి తినలేదు?

ఆరోజు నాకు హెడ్‌సెట్‌లో కనిపించింది పైకి లేచిన చేతుల బూడిదరంగు గీతలు. వినిపించింది వాళ్ళ నవ్వు. అది వినగానే కళ్ళు మూసేసుకున్నాను, వేరే ఏదీ చెవికెక్కలేదు.

"వాట్ ఆంటీ సే?" అంది హుయ్ మిన్.

నథింగ్ అన్నాను. ఆమె తెరమీద ఆ అడుగు వేసిన చోట వేలు పెట్టింది. "షీ సయాంగ్ యూ వాట్," అంది. ఇక్కడ పిల్లల్ని ముద్దు చేసేటప్పుడు అందరూ వాడే మాట అది. చైనీస్ అమ్మాయికి అర్థమైంది, తెలుగు తెలీకుండా. నేను బాత్‌రూమ్‌కి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

అక్టోబర్ 24, బుధవారం

అది దాడి ఎందుకైందో పొద్దున్నే అర్థమైంది. ఆటలో ఆటగాణ్ణి తెల్ల గుర్తు మీదే నిలబెట్టారు. నేను నిలబడింది గుర్తు మీద కాదు, ఒకడుగు వెనక. ఆవిడ ఆ అడుగు కలుపుకుని వచ్చింది. అందుకే ఆటగాడి ముఖంలోంచి దూరిపోతోంది. మా అత్తగారి చేతుల్లో తప్పు లేదు, గ్లవ్సులో తప్పు లేదు. తప్పు నా అడుగు.

హెడ్‌సెట్ పెట్టుకుని చివరి సీన్‌కి వెళ్ళాను. నౌక మెట్ల దగ్గర ఆగి, ఆరోజు జరిగినంతే వెనక్కి జరిగి నిలబడ్డాను. మెర్లా చేతులెత్తింది. నాలుగు సెకన్లు ఆగింది. కుంటుతూ ఒకడుగు వేసింది. రేకు చేతులు నా చెవుల పక్కనుంచి సరిగ్గా కిందకి దిగాయి, ఒక్క అంగుళం అటూ ఇటూ కాలేదు. ఆవిడ జాన మరి. ప్రణవి చెప్పినట్టు కదలకుండా నిలబడ్డాను. తొమ్మిదిసార్లు ఆడాను. పరీక్ష కోసం ఒకసారి చాలు.

వరుణ్ దగ్గరికి వెళ్ళి చెరపొద్దు, ఆటగాణ్ణి ఒకడుగు వెనక నిలబెడితే చాలు అన్నాను.

"అయిపోయింది సుస్మితా, డిసైడ్ చేసినం. మళ్ళ కెలకకు."

"తప్పు ఎక్కడుందో దొరికాక కూడా చెరిపేస్తారా?"

"రేపు కాల్‌లో అమెరికావాళ్ళు రూట్ కాజ్ అడుగుతరు. ఏం చెప్తవ్? నువ్వు ఎందుకు ఎనక్కి జరిగినవో చెప్తవా? ఆరోజు నేను కూడా ఉన్నా కదా, అంతా విన్నా."

బెదిరిస్తున్నాడో జాలిపడుతున్నాడో తెలీలేదు. ఏదైనా నాకు ఒళ్ళు మండింది. "చెప్తాను. మొదట నవ్విందెవరో కూడా చెప్తాను," అన్నాను. అతను తెరవైపు తిరిగిపోయాడు. విన్నవాడు ఆరోజే ఒక్కమాట అనొచ్చు కదా, సుస్మితా తప్పు అని. అనలేదు. అన్నా నేను వినేదాన్ని కాదు, అది వేరే సంగతి.

సాయంత్రం హరికి చెప్పాను. కూరగాయలు తరుగుతున్నాడు. మాటకి మాట, ఏదీ మార్చకుండా చెప్పాను. "ఇంకోసారి చేద్దాం అన్నానన్నావ్," అన్నాడు. అబద్ధం చెప్పానన్నాను. కత్తి కింద పెట్టి కారిడార్‌లోకి వెళ్ళిపోయాడు. ఈసారి నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆరో ఏడో ట్రైన్లు వెళ్ళాయి. "నాక్కాదు చెప్పాల్సింది," అన్నాడు చివరికి. తెలుసన్నాను. నన్ను తిట్టుంటే బాగుండేది.

అక్టోబర్ 25, గురువారం

పొద్దున ఎనిమిదింటికి కాల్, అమెరికాలో నిన్నటి సాయంత్రం. ఏడున్నరకే నలభై ఒకటో తప్పు నమోదైన టికెట్ తెరిచి మూల కారణం అనే గడిలో రాశాను. "రికార్డింగ్‌లో ఆటగాడి స్థానంలో ఉన్న వ్యక్తి సిగ్గుపడి ఒకడుగు వెనక్కి వేసింది. మెర్లాగా చేసిన చెన్నమ్మగారు ఆమెని చేరుకోవడానికి ఒకడుగు ముందుకి వేశారు. కదలికలో లోపం లేదు. వెనక్కి జరిగిన వ్యక్తి సుస్మిత." ఇంగ్లీషులో రాసేసరికి రెండు పేర్లూ పక్కపక్కన వచ్చాయి. మూడుసార్లు చెరిపి నాలుగోసారి ఉంచేశాను.

అవతల ఎవరో పెద్దావిడ, గొంతు బట్టి. చదివి, ఆ చేతులకి అర్థమేంటి అంది. దిష్టిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? "నీకు తగలాల్సినదేదో నాకు తగలనీ అని," అన్నాను.

"వెనక్కి జరిగినామెకి?" అంది.

అవునన్నాను. ఉంచండి, ఆటగాణ్ణే జరపండి అంది. మిగతా పదహారూ పోయినవి పోయినట్టే. జాన, కణుపులు, ఎత్తి పోసుకునే నీళ్ళు, అన్నీ నా సంతకంతోనే పోయాయి. అందుకు నేను సంతోషపడను.

వరుణ్ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పీడా పోయింది.

అక్టోబర్ 26, శుక్రవారం

నలభై ఒకటి మూసేశాను. నా టాటా చెరిపేశారు.

అక్టోబర్ 28, ఆదివారం

హరి ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టి, నా ముందు పెట్టి, ప్రణవిని తీసుకుని కిందకి వెళ్ళిపోయాడు. అటువైపు మిషను ఆడుతున్న చప్పుడు. ఆదివారం కూడా కుడుతోంది.

"అత్తమ్మా, నేను," అన్నాను.

మిషను ఆగలేదు. "షాపులోకి ఎవురో వచ్చినట్టుండారు," అంది.

"రానివ్వండి. నేను పట్టుకునే ఉంటాను."

మిషను ఆగింది. ఆ మాటలు ఎలా అన్నానో అలాగే మళ్ళీ చెప్పాను, అన్నది నేనేనని. హరికి అబద్ధం చెప్పానని చెప్పాను. రికార్డింగ్ విన్నానని చెప్పాను.

"నువ్వన్న మాట నేను మరవలా," అంది. "నువ్వు ఫోన్ చేసినావని మరిచేది కూడా లేదు. పదకొండేండ్లు నీ ఇంట్లో నేను చుట్టాన్నే. దగ్గిరికొస్తే జరుగుతావు, ఏమన్నా చెయ్యబోతే వద్దంటావు. నీకు దిష్టి తియ్యల్లంటే నువ్వు నిలబడితే గదా."

నేను నిలబడలేదని ప్రణవి కూడా చెప్పిందన్నాను.

"ఆరోజు కూడా వెనక్కి జరిగాను, అత్తమ్మా. మీరు ముందుకొచ్చారని నాకు మొన్నటిదాకా తెలీదు. నాకు ఏమీ కనపడలేదు."

"నీకెట్ల కనపడతాది. కండ్లకు గంతలు కట్టుకున్నెది నువ్వు. నేను గాదు గదా," అంది. "నువ్వు జరిగింది నాకు కనపడింది. అందుకే ముందుకొచ్చినా."

అటువైపు దారం తెంపిన చప్పుడైంది.

"నవ్వినోళ్ళను గూడా చూసినాలే. ఆ వరుణ్‌కు ప్యాంటు గుండీ ఊడిపోయి అప్పటికి రెండు దినాలైంది, వాని ఇంట్లో చెప్పేవాళ్ళు ల్యాకపాయ." మిషను ఒక కుట్టు వేసి ఆగింది. "తిన్నెవా?"

మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దున్నుంచి ఈ ఫోన్ ముందే కూచున్నాను. తిన్నానని నోటిదాకా వచ్చింది.

లేదన్నాను.